పొడి ఎవనిక్కావాలె

జైపాల్ బావకు,

అక్క బాగుందని తలుస్తాను. నీ క్షేమం మాత్రం అడగను.

నీ కంపెనీ టీపొడి మంచిదని నమ్మి మా గని క్వార్టర్ల ఆడవాళ్లతో పైసలు కట్టించి అందులో చేర్పించాను. ఇల్లిల్లూ తిరిగి అమ్మాం. మొన్న ఫోన్‌లో “అమ్ముతున్నం గానీ కట్టిన పైసలు గూడ వస్తలేవు బావా” అంటే, “పొడి ఎవనిక్కావాలె? మనుషులను చేర్పియ్యి” అని నవ్వావు. అప్పుడర్థమైంది. సరుకు అమ్ముకొని బతికేది వ్యాపారం, కొత్తగా చేరేవాళ్ల పైసలతో బతికేది మోసం.

పక్కింటి సమ్మవ్వ, భర్త గనిలో పోతే వచ్చిన పైసలు నీకు కట్టింది. నిన్న వచ్చి, “నీ మొఖం చూసి చేరిన బిడ్డా” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం కాసిపేటలో కొత్తవాళ్లకు మీటింగు పెట్టావట. మేమంతా వస్తున్నాం. నీకంటే ముందు మైకు నేను పట్టుకుంటాను.

నీ మరదలు