రెండు గెడల పొడవు

1986 జూలై 6, ఆదివారం

మామిడి కోతలు అయిపోయాయి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదుగా మళ్లీ జలపాతానికి వెళ్దామని నా స్నేహితుడు ప్రసాదు జీపు మాట్లాడాడు. మా తోటల వాళ్లకి తీరిక దొరికేదే వానల్లో. జలపాతం పొంగేదీ అప్పుడే. నిరుడు ఇదే నెలలో మాతో వచ్చిన సత్యం అక్కడ జారిపడ్డాడు. శవం కూడా దొరకలేదు.

సాయంత్రం సత్యం నాన్న వెంకయ్య వచ్చాడు. మా తోటలో కాయ కోసేది అతనే. తిడతాడనుకున్నాను.

"జీపులో నాకూ చోటుంటుందా బాబూ?" అన్నాడు.

చేతిలో, కాయ నేల తాకకుండా పట్టే చిక్కం గెడ. దానికి ఇంకో గెడ జోడించి కట్టాడు.

"మావాడు పడిన ఆ గుండం ఎంత లోతుంటుందండీ? ఇది అందుద్దా?"

అందుతుందన్నాను.

ఆ రోజు సత్యం చెయ్యి నాకు అందేంత దూరంలోనే ఉంది. భయపడి నేనే చాపలేదు. ఆ సంగతి వెంకయ్యకి ఇవాళా చెప్పలేదు.