ఉచ్చీరమ్మ గజ్జెపూజ

ఎమ్మిగనూరు,
25 ఆగస్టు 2024, ఆదివారం.

పూజ్యురాలైన సరస్వతీబాయి అత్తకు, నీ మేనకోడలు, అంతకంటే ముందు నీ శిష్యురాలు కృతి పాదాలంటి నమస్కరించి రాయడమేమంటే...

ఇక్కడ నేను క్షేమమే, ఎడమ చెంప తప్ప. నవ్వకు, నిజంగానే రాస్తున్నాను. మొన్న శుక్రవారం నిండు గుళ్ళో, నా పిల్లలందరూ చూస్తుండగా, ఒక ముసలావిడ నన్ను చెంప మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న గానీ నువ్వు గానీ నా మీద చెయ్యెత్తలేదు. తాళం తప్పినప్పుడు నీ కర్ర నేలకే తగిలింది తప్ప నాకు తగల్లేదు. రెండు రోజులైనా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆరాధనకు మంత్రాలయం పోయి ఆదోనికి తిరిగి వచ్చే ఉంటావు. మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు అంటావేమో. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తావా? అందుకే రాస్తున్నాను. మనింట్లో మాట కన్నడమైనా రాత తెలుగే కదా, తప్పులుంటే సర్దుకో.

మా హైస్కూల్లో ఈ ఏడు వ్యాయామ విద్యతో పాటు నాట్యం కూడా పెట్టారని, ఆ కొత్త ఉద్యోగం నాదేనని జూన్‌లోనే చెప్పాను. రోజూ పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కి కోసిగిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోతాను. పేరుకు రెండు కోర్సులు, ఉన్నది ఒకటే మైదానం, ఒకటే పీరియడు. ఒక పక్క వ్యాయామం చెప్పే ఉరుకుందు సార్ విజిల్ వేస్తుంటాడు, ఇంకో పక్క నేను గొంతు చించుకుని తైయ్యా తై అంటుంటాను. పిల్లలు ఆయన విజిల్‌కు నా అడుగులు వేస్తారు. మొదటి వారం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఒకరోజు ఆయన మోకాళ్ళు వంచి నిలబడ్డ నా అరమండి చూసి, ఇదేముంది మేడం, మా కబడ్డీలో కూత పెట్టేటప్పుడు వంగేదే కదా, అన్నాడు. కోపం వచ్చింది కానీ చూస్తే నిజమే. అప్పటి నుంచి ఆయన కబడ్డీ పిల్లలను నాకు వదులుతున్నాడు, నేను నా పిల్లలను ఆయన దగ్గర పరుగుకు పంపుతున్నాను.

ఆ కబడ్డీ పిల్లల్లో ఒకతి ఉచ్చీరమ్మ, తొమ్మిదో తరగతి. అత్తా, నువ్వు ఒక్కసారి చూడాలి దాన్ని. అరమండిలో కూర్చుంటే పీరియడంతా కదలదు. నేను ఏళ్ళ తరబడి నీ చేత తిట్లు తిని నేర్చుకున్నది దానికి కాళ్ళలోనే ఉంది. అమ్మానాన్న బెంగళూరులో బిల్డింగు పనికి పోయారు, ఇది అవ్వ భీమక్క దగ్గర ఉండి చదువుకుంటోంది. సెప్టెంబరులో ఎమ్మిగనూరులో బడుల మధ్య పోటీలున్నాయి. వాటిలో నా బడి తరఫున ముందు నిలబడేది ఇదేనని ఎప్పుడో అనుకున్నాను.

పోటీకి పోవాలంటే గజ్జె కట్టాలి, గజ్జె కట్టాలంటే పూజ చేయాలి. నీ దగ్గర నేర్చుకున్నది అదే కదా, పూజ చేయని గజ్జె కాలికి ఎక్కకూడదని. హెడ్మిస్ట్రెస్ ప్రమీల మేడం బడిలో పూజలు పెట్టడానికి వీల్లేదంది. ఎదురుగా ఎల్లమ్మ గుడి ఉంది, అక్కడైతే మీ ఇష్టమంది. శ్రావణ శుక్రవారం, ఇంతకంటే మంచి రోజు దొరుకుతుందా అనుకున్నాను. పిల్లలను తలంటు పోసుకుని పసుపు చీరలు కట్టుకుని రమ్మన్నాను. పూలు నేనే ఎమ్మిగనూరు నుంచి తెచ్చాను. మృదంగం పాట పెడదామంటే స్పీకరు చార్జింగు అయిపోయింది. ఉరుకుందు సార్ లేడు, ఆటల సామాను తేవడానికి కోసిగి పోయాడు. పూజారే, దానికేమమ్మా, మనోళ్ళు ఉండారు కదా అని డప్పులవాళ్ళను పిలిపించాడు. డప్పు మొదలయ్యేసరికి గుడి ముందు జనం చేరారు. ఆడవాళ్ళు ఎవరూ నవ్వడం లేదని అప్పుడే గమనించాల్సింది, సంబరంలో నేను పట్టించుకోలేదు.

గజ్జెలు అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, పిల్లల చేతులకు పసుపుదారాలు కట్టి, మొదట ఉచ్చీరమ్మను పిలిచాను. దానికి కట్టినవి నా చిన్నప్పటి గజ్జెలు, నువ్వు నాకు కట్టినవే. కుడికాలికి కట్టాను. ఎడమకాలి ముడి వేస్తున్నాను. అంతలో డప్పు ఆగిపోయింది.

భీమక్క చేను నుంచి నేరుగా వచ్చింది. చీర మోకాళ్ళ మీదికి చెక్కి ఉంది, కాళ్ళకు మట్టి, చేతిలో కలుపు కొడవలి. నేను లేచి నమస్కారం పెట్టబోయాను. నా చేతులు ఇంకా పూర్తిగా ఎత్తనేలేదు, చెంప పగిలింది. తర్వాత ఆమె కింద కూర్చుంది. కొడవలితో మనవరాలి కాలి గజ్జెల పట్టీని కోసేసింది, ఒక కాలిది, తర్వాత రెండో కాలిది. మువ్వలు గుడి బండల మీద దొర్లిపోయాయి. ఉచ్చీరమ్మ కాలికి ఎక్కడ తెగుతుందోనని ఆ కొడవలినే చూస్తూ ఉండిపోయాను. ఎవురినడిగి కట్టినావ్, అంది నన్ను. నన్నడిగినావా, దాని అమ్మనడిగినావా, ఎవురినడిగి కట్టినావ్, అని మళ్ళీ మళ్ళీ అదే మాట. అరవలేదు, మామూలు గొంతుతోనే అడిగింది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

చేతికున్న పసుపుదారం పళ్ళతో కొరికి తెంపేసి, పిల్లను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. ఉచ్చీరమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది. ఇంతమంది ఉండి ఒక్కరు ఆమెను ఇదేం పని అని అడగలేదు. పూజారి గర్భగుడిలోకి పోయాడు. డప్పులవాళ్ళు డప్పులు చంకన పెట్టుకుని చెప్పకుండా వెళ్ళిపోయారు. మిగతా పిల్లలు ఏడుస్తుంటే నేను బండల మీద మోకాళ్ళూని మువ్వలు ఏరుకున్నాను. కొన్ని దొరకలేదు.

శనివారం ఉచ్చీరమ్మ బడికి రాలేదు. పక్కింటి పిల్ల సంతోషిని అడిగితే, వాళ్ళవ్వ దాన్ని మంగళవారం బెంగళూరుకు, అమ్మానాన్నల దగ్గరికి తీసుకుపోతుందట మేడం, ఇంక రాదంట, అంది. అక్కడికి పోతే చదువెక్కడిది? ఇటుకలు మోయడమే కదా. నేను ఆడించానని దాని చదువే పోతోంది. చెంపదెబ్బ సంగతి పక్కన పెట్టు, ఇది తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

ఉరుకుందు సార్‌ను అడిగాను. ఆడపిల్ల నలుగురిలో ఎగిరితే పరువు పోతుందనా ఇదంతా, కబడ్డీ ఆడితే పోని పరువు నాట్యం ఆడితే పోతుందా, అని గట్టిగానే అడిగాను. ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, ఏమనుకోగాకండి మేడం, ఆయమ్మ మంచిదే, అన్నాడు. అంతే. చెంప వాచింది నాకు, మంచిది ఆయమ్మ! నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రమీల మేడం, రాతపూర్వకంగా ఇవ్వండి, పోలీసులకు చెబుదాం, అంటోంది. అందుకు నాకు మనసొప్పడం లేదు. అలాగని ఊరుకోవడానికీ ఒప్పడం లేదు.

నువ్వే చెప్పు. నేను చేసిన పూజలో ఏ లోపం ఉంది? దీపం ఆరిందా, మంత్రం తప్పిందా? నువ్వు నేర్పినట్టే చేశాను, ఒక్క మెట్టు కూడా వదల్లేదు. ఈ జనానికి కళ అంటే ఇంత అసహ్యమైతే నేను ఆ ఊరు పోవడం ఎందుకు? బదిలీ అడిగి ఆదోనికే వచ్చేస్తాను. నీ వసారాలో నలుగురు పిల్లలకు చెప్పుకుంటూ ఉంటాను.

నాన్నకు ఈ సంగతి చెప్పకు. చెబితే భీమసేనరావుగారు రేపు పొద్దున్నే గొడుగు పట్టుకుని ఆ ఊళ్ళో దిగుతారు.

నీ ఆశీర్వాదం కోరే,
కృతి.

తా.క. బుధవారం. అత్తా, పై ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. చించేద్దామనుకుని ఆగాను. నేనెంత తెలివితక్కువగా కోప్పడ్డానో నీకూ తెలియాలి.

మంగళవారం ఉరుకుందు సార్ వచ్చి, మేడం, సాయంత్రం బస్సుకు పోతాండారు, ఒకసారి ఆయమ్మ ఇంటికి రాండి, నేను సెప్పేది కాదు, ఆయమ్మే సెప్పాల, అన్నాడు. పోయాను. గుమ్మంలో మూట కట్టి ఉంది. ఉచ్చీరమ్మ నన్ను చూసి లోపలికి పోయింది. భీమక్క నా చెంప చూసి, వాసిందా, అంది. తర్వాత చాప వేసింది.

ఉచ్చీరమ్మ కంటే చిన్నగా ఉన్నప్పుడు భీమక్కను అదే గుళ్ళో బసివిని చేశారట. ఇంట్లో మగపిల్లాడు లేకపోతే ఒక ఆడపిల్లను పెళ్ళి లేకుండా అమ్మవారికి విడిచేవారట, బతుకంతా ఊరి మగవాళ్ళ పాలు కావడానికి. అప్పుడూ శుక్రవారమే, అప్పుడూ తలంటి, పసుపు చీర కట్టి, డప్పు కొట్టి, పసుపుదారం చేతికి చుట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టారట. పండగ అనుకున్న్యానమ్మా, కొత్త సీర ఇచ్చినారని ఎగిరినా, అంది. నా కూతురుకు మాత్రం ఎవురేమన్నా పెండ్లి సేసినా, దాని బిడ్డను మళ్ళీ ఆ బండ మీదికి ఎక్కిస్తారా అనుకున్న్యా, అంది. చేలో డప్పు వినిపించిందట. ఉచ్చీరమ్మ పసుపు చీర కట్టుకుని పోయిందని ఎవరో చెప్పారట.

నేను ఒక్క మెట్టు వదలకుండా చేశానని రాశాను చూడు, పైన. ఆ మాట చదువుకుంటే నా ఒళ్ళు నాకే జలదరిస్తోంది. ఊరంతా తెలిసినవాళ్ళే. టీచరమ్మ చేస్తోంది కదా అని ఒక్కరు నోరు విప్పలేదు. నువ్వు కూడా ఈ సీమలోనే పుట్టి పెరిగావు, నీకు తెలియకుండా ఉంటుందా? గజ్జెల గురించి నాకు ఇంత చెప్పావు, ఇది ఎందుకు చెప్పలేదు? నాకు నీ మీద కూడా కోపంగా ఉంది. ఆదోని వచ్చినప్పుడు అడుగుతాను.

ఆమె కాళ్ళు పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది. తర్వాత, మీ ఆటలో అయిపోయినంక వాటిని ఇప్పుతారా, అని అడిగింది. విప్పుతామవ్వా, ఆడేటప్పుడే కడతాం, కాగానే విప్పి సంచిలో వేసుకుంటాం, అన్నాను. ఆమె నమ్మలేదు. లోపలి నుంచి ఉచ్చీరమ్మను పిలిచి అడిగింది. అదీ అదే చెప్పింది.

మాకు ఇప్పొచ్చని ఎవురూ సెప్పలేదమ్మా, అంది.

మూట విప్పేశారు. ఉచ్చీరమ్మ ఈరోజు బడికి వచ్చింది. గుడి లేదు, పూజ లేదు. పోటీల రోజు ఎమ్మిగనూరులో వేదిక పక్కనే దానికి గజ్జెలు నేను కట్టాలట. ఆట కాగానే భీమక్కే తన చేత్తో విప్పుతుందట. అందుకోసం బస్సెక్కి వస్తానంది.