చివరి లెక్క తప్పే పిల్ల

కోడలికి దీవెనలు. నేను కులాసా, నా నడుం కాదు.

బడి వదిలాక, వెనకబడినవాళ్ళకు మళ్ళీ లెక్కలు చెబుతున్నాను. అన్నీ సరిగ్గా చేసినవాళ్ళు ఇంటికి పోవచ్చు. ఒక పిల్ల రోజూ చివరి లెక్క తప్పుతోంది. నిన్న గద్దించాను.

"ఇంటికెళ్తే తమ్ముణ్ణి ఎత్తుకోవాలి టీచర్. ఇక్కడైతే కూర్చోవచ్చు."

"ఓసి గడుగ్గాయీ, నువ్వు కూర్చోడానికి నేను నిలబడాలా?"

దానికి మాత్రం నియమం తిరగేశాను: అన్నీ సరిగ్గా చేస్తేనే కూర్చోనిస్తాను. ఇవాళ చకచకా చేసేసి, బల్లమీద తలపెట్టి నిద్రపోయింది. లేపలేదు. నేర్పుతున్నానో, కాపలా కాస్తున్నానో తెలియడం లేదు.

వంటింటి కుళాయి మావాడు బాగుచేయించాడా? నడుముకు రాసుకునే నూనె పంపు. నెలాఖరుకు ఈ బడి పని మానేసి వస్తానన్నాను కదా, నా మంచం ఇప్పుడే దులపకు. మనవడికి నా ఆశీస్సులు, ఎక్కాలు అప్పజెప్పాక చెప్పు.

మీ అత్తయ్య