ఇబ్బంది లేదని రాసుకున్నారు

నంద్యాల, ఆదివారం రాత్రి

ఆళ్ళగడ్డ నుంచి వచ్చి చాలాసేపైనా కోపం దిగలేదు. నీటికాసుల జబ్బుతో (గ్లాకోమా) మా అక్క చూపు దాదాపు పోయింది, ఇక తిరిగి రాదు. చూపు లేకుండానే వండుకోవడం, తిరగడం నేర్పే శిక్షణ ఒకటి ఇక్కడ నంద్యాలలో మొదలవుతోంది. ఎవరి బతుకు ఎంత కష్టంగా ఉందో కొలిచి, ఎక్కువ కష్టమున్నవాళ్ళనే తీసుకుంటారట.

కొలవడానికి ఇవాళ అక్క ఇంటికి వచ్చిన అమ్మాయి అక్కను అడిగింది: "వంట చేయడానికి ఇబ్బందా అమ్మా?"

"ఏం లేదు పాపా. పొయ్యి కాడికే పోను. అంతా కోడలే చేస్తాంది."

"బయటికి పోవడానికి?"

"యాడికి పోతా? ఈడనే కూచోనుంటా."

రెండింటికీ ఇబ్బంది లేదని రాసుకుంది. నేను ఊరుకోలేదు. కాళ్ళు కట్టేసి, నడకలో ఇబ్బంది లేదంటే ఒప్పుకోవాలా, ఇదేం కొలత అని అరిచాను. తలుపు దగ్గర కోడలు తల దించుకుంది. అత్త చెయ్యి కాలుతుందన్న భయంతోనే ఆ పిల్ల పొయ్యి దగ్గరికి రానివ్వదు.

"నోరు మూసుకోప్పా! నా కోడలు నన్ను మహారాణి మాదిరి చూసుకుంటాంటే నీకేందీ కడుపుమంట?" అంది అక్క. అందరూ నవ్వారు. అమ్మాయి లెక్క చూసి, శిక్షణ అవసరం లేదని తేల్చి వెళ్ళిపోయింది.

దీని మీద వ్యాసం రాయగలను, సభలో గొంతు చించుకోగలను. ఏం లాభం?

బయల్దేరుతుంటే అక్క గోడ తడుముకుంటూ గడప దాకా వచ్చింది. కోడలికి వినపడకుండా అడిగింది: "ఆ వంట నేర్పిచ్చేవాళ్ళు మళ్ళా వచ్చి అడుగుతారాప్పా?"

"అడుగుతారక్కా" అన్నాను.

అడగరు.