తట్ట నీడ పడిన ఫొటో

దొరికింది! అమ్మా అనూరాధా, మీ అమ్మ ముఖం దొరికిందమ్మా!

ఈ మాట రాస్తేగాని తక్కినవి రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇక పద్ధతి ప్రకారం రాస్తున్నాను. శ్రీకూర్మం దగ్గర మెట్టపాలెం కాపురస్తుడిని, కీర్తిశేషులు గంగులు కొడుకుని, చేపల వేట వృత్తిగా, ఫొటోలు పిచ్చిగా బతికిన సూరాడ నూకయ్యను. చదువు ఐదో తరగతి. ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. కిడ్నీలు పాడయ్యాయి గాని బుర్ర బాగానే ఉంది. సంతోషంతో మతి తప్పిందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

1. ఇల్లు, ఇంటిస్థలం నా ఒక్కగానొక్క కూతురు అనూరాధకు సర్వహక్కులతో చెందాలి.

2. పడవలో నా వాటా, వలలు మా అక్క కొడుకు భాస్కర్‌కు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

3. ట్రంకుపెట్టెలోని ఫొటోలు ఎవరివి వాళ్ల ఇళ్లకు చేర్చాలి. వేటకెళ్లి తిరిగిరానివాళ్లవి పైన విడిగా కట్ట కట్టాను, అవి ముందు ఇవ్వాలి. ఊరందరి ముఖాలూ నా పెట్టెలో ఉన్నాయి, నా భార్య లక్ష్మణమ్మది మాత్రం లేదు. ఆ పెట్టె మూసిన ప్రతిసారీ ఏడ్చేవాణ్ణి.

4. మా అక్క అసిరమ్మ సంగతి. గుజరాత్ వెరావల్‌లో పడవ పనికెళ్లి నా మొదటి కెమెరా కొని తెచ్చేసరికి లక్ష్మణమ్మకు నెలలు నిండుతున్నాయి. ఫొటో తీస్తానంటే అక్క అడ్డుపడింది. “ఒరే నూకయ్యా, కడుపుతో ఉన్నదానికి ఫొటో ఏటిరా? ఆయుస్సు తగ్గిపోతాది. ఆ డబ్బా పెట్లో ఎట్టీ!” లక్ష్మణమ్మ నవ్వి, “పోనీ బావా, బిడ్డ పుట్టినాక ఇద్దరికీ కలిపి తీద్దువు గాని” అంది. కెమెరా ఇంట్లో వదిలి మళ్లీ వెరావల్ వెళ్లాను. నేను తిరిగి వచ్చేసరికి కాన్పులో ఆమె పోయింది, అన్నీ అయిపోయాయి. కెమెరా ఏదంటే సముద్రంలో పారేశానంది అక్క. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. అనూరాధా, భాస్కర్‌తో పాటు నీకూ పాలిచ్చి పెంచింది ఆవిడే. నాకేసి మాత్రం చూసేది కాదు. నేనూ చూసేవాణ్ణి కాదు.

మొన్న భాస్కర్ వాళ్ల పాత పాక విప్పుతుంటే దూలం మీద, గుడ్డలో చుట్టి, నా కెమెరా! తల్లికి చెప్పకుండా తెచ్చి ఇచ్చాడు. లోపల రీలు అలాగే ఉంది. శ్రీకాకుళం స్టూడియో ఉమాశంకర్ గారు కడిగితే అంతా మసక, ఒక్కటి తప్ప. ఒడ్డున లక్ష్మణమ్మ, కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. నీ నవ్వేనమ్మా, పన్ను మీద పన్నుతో సహా! ఇసుక మీద తీసినవాళ్ల నీడ పడింది. నెత్తిన చేపల తట్ట ఉన్న ఆడమనిషి నీడ. తట్టకు చెయ్యి ఆనించకుండా నిలబడేది మా పేటలో అక్క ఒక్కతే. మరదలు బతిమాలితే కాదనలేకపోయిందన్నమాట. ఆమె పోయాక, తాను తీసిన ఫొటో వల్లే పోయిందనుకుని కుమిలింది. ఆ భయాన్ని నేను పగ అనుకున్నాను.

అక్కా, లక్ష్మణమ్మ పోయింది రక్తం ఆగక. నీ వేలు మీట నొక్కినందువల్ల కాదు.

5. ఆ ఫొటో, నెగెటివ్ అనూరాధకు. కెమెరా మా అక్క అసిరమ్మకు, ఒక్క షరతు మీద. అనూరాధ తల్లి ఫొటో గుండెకు ఆనించుకుని ఒడ్డున నిలబడాలి. ఇద్దరికీ కలిపి అక్కే ఫొటో తియ్యాలి. నేను బతికుంటే పక్కన నిలబడి చూస్తాను.

తేదీ: 9 ఫిబ్రవరి 2025
సూరాడ నూకయ్య (సంతకం)
సాక్షులు: ఉమాశంకర్ (స్టూడియో, శ్రీకాకుళం), త్రినాథ్ (మా పక్కింటి అతను)

ఫొటో దొరికిన ఈ కబురు వెంటనే చెప్పవలసినవాళ్లు:
కళింగపట్నంలో లక్ష్మణమ్మ చెల్లెలు కూర్మమ్మ.
వెరావల్‌లో పడవ మీదున్న బావమరిది దేవేంద్ర. ఫోను కలవకపోతే కలిసేదాకా చెయ్యాలి.
భీమిలిలో మా చిన్నాన్న కోడలు ఈశ్వరి.
అసిరమ్మ అక్కకు ఎవరూ చెప్పవద్దు. సిరా ఆరగానే నేనే వెళ్తున్నాను. తలుపు తియ్యకపోతే కిటికీలోంచి ఫొటో చూపిస్తాను.