బట్టీ పట్టిన లక్ష్యాలు

అక్కకు,

బళ్లో అయితే హెడ్మిస్ట్రెస్‌వి, "మేడమ్" అనాలి. ఇంటి నుంచి రాస్తున్నాను కాబట్టి అక్కవే. క్షేమమా అని అడగను. నీ క్షేమం కనుక్కునే ఓపిక ఈ పూట నాకు లేదు.

మన బడి పాఠ్యప్రణాళికకి లక్ష్యాలు రాయడానికి వేసవి సెలవుల్లో మా ఇంటికే వచ్చావు. వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని, పోట్లాడుకుంటూ రాశాం. లెక్కలైనా, కుట్టుపనైనా, ఆటలైనా, ఏది నేర్పినా చివరికి పిల్లలకి ఏం రావాలి అని అడిగావు. "ఎవరి బుర్రతో వాళ్లు ఆలోచించడం రావాలి. అడగాల్సింది అడగడం రావాలి" అన్నాను. "లెక్కల టీచరువి కదా, పొట్టిగా తేల్చేశావు" అని నవ్వి, దాన్నే మొదటి లక్ష్యంగా పెట్టావు. ఆ రోజు నువ్వంటే నాకెంత గర్వమో!

తీరా ఇన్‌స్పెక్షన్ అనేసరికి ఏం చేశావు? లక్ష్యాలన్నీ క్లాసు గోడలకి అంటించి, పిల్లల చేత బట్టీ పట్టించావు. ఆటల పీరియడు తీసేసి మరీ అప్పజెప్పించుకున్నావు. "పిల్లలకి సూది పట్టుకునే తీరికే లేదు మేడమ్" అన్నందుకు కుట్టు టీచర్ని ఉరిమి చూశావు. సొంతంగా ఆలోచించాలన్న ముక్కని తొమ్మిదో క్లాసంతా ఒకే రాగంలో అప్పజెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు నా కూతుర్ని లేపి, "వీటిలో నీకేం వచ్చిందమ్మా?" అని అడిగాడు. "ఇవన్నీ అప్పజెప్పడం వచ్చిందండీ" అంది. ఎగతాళికి కాదక్కా, కాసేపు ఆలోచించుకుని మరీ చెప్పింది. ఆయన గేటు దాటగానే దాన్ని అందరి ముందూ నిలబెట్టి, "మీ అమ్మ నేర్పిందా ఈ పొగరు?" అన్నావు. సొంత పెద్దమ్మవి! అసెంబ్లీలో క్షమాపణ చెప్పేదాకా క్లాసులో అడుగు పెట్టొద్దన్నావు. అప్పటి నుంచి అది కంచం ముందు కూర్చుని మెతుకులు కెలకడమే గానీ తినడం లేదు. "నేను చెప్పింది తప్పా అమ్మా?" అని ఒకటే అడగడం. ఉన్నమాటంటే నీకు ఉలుకైతే అది దాని తప్పా?

అది క్షమాపణ చెప్పదు. నేను చెప్పనివ్వను. సోమవారం దాన్ని క్లాసులో కూర్చోబెట్టు. లేదంటే మేమిద్దరం రాం.

నీ చెల్లెలు

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. గొంతు చించుకుంటే భయపడతాననుకున్నావేమో. బడి మూతపడకుండా చూసుకోవాల్సింది నేను. గుర్తింపు రాకపోతే నీ మొదటి లక్ష్యం వచ్చి బడిని నడపదు.

సరే, ఆ గొడవ తీరింది. రిపోర్టు వచ్చింది, గుర్తింపు ఇచ్చారు. ఈ బళ్లో పిల్లలు సొంతంగా ఆలోచిస్తున్నారనడానికి నీ కూతురి జవాబునే రుజువుగా చూపించాడాయన. ఇక క్షమాపణ అక్కర్లేదు, సోమవారం పంపించు. అసెంబ్లీలో మైకు ముందు నిలబడి ఆ జవాబు మళ్లీ చెప్పాలి. దాన్ని అన్ని క్లాసులవాళ్ల చేతా కంఠతా పట్టిస్తున్నాను. పై నెల పెద్ద ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఎవర్ని లేపినా తడుముకోకుండా చెప్పాలి. మీ పిల్ల మాట చివర మింగేస్తుంది. ఇంట్లో నాలుగుసార్లు చెప్పించి పంపు.

అక్క

అక్కకు,

నీ ఉత్తరం పిల్లకి చదివి వినిపించాను. ముందు పగలబడి నవ్వింది. తర్వాత, "నేను చెప్పింది పెద్దమ్మకి అర్థం కాలేదా?" అంది. అర్థమయ్యే ఉంటుందన్నాను. అప్పుడు ఏడ్చింది.

దాన్ని బస్టాండు వెనకున్న బళ్లో చేర్చాను. స్నేహితురాళ్లు లేరని దిగులుగానే వెళుతోంది. నాకింకా ఉద్యోగం దొరకలేదు. నువ్వు వేరే లెక్కల టీచర్ని చూసుకో.

ఇన్నేళ్లూ కోపం వచ్చిన ప్రతిసారీ నీ ఇంటికొచ్చి దెబ్బలాడాను, దెబ్బలాడితే దారికొస్తావని ఆశ. ఈసారి కూడా చెప్పులేసుకుని వీధి మలుపుదాకా వచ్చాను. నీతో అనడానికి ఒక్క మాటా తోచక వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చాక నీ కోసం ఏడుపొచ్చింది.

చెల్లెలు