రెక్క మడతలో తెలుపు

శనివారం, ఉదయం

నాన్నా,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటని నవ్వకు. నీ ఎదురుగా నిలబడితే ఈ మాట నోట రాదు. అందుకే నీ కళ్లజోడు కింద పెట్టి వెళ్తున్నాను.

సోమవారం పొద్దున్న పంపుహౌస్ వెనకున్న పన్నెండు ముసలి చెట్లు కొట్టేస్తారు. అక్కడ అడవిపావురాలు లేవని పక్షుల సర్వే రిపోర్టులో సంతకం చేసింది నేనే. కానీ ఉన్నాయి. చెట్టు తొర్రల్లో గూడు పెట్టే తొర్రపావురాలు, ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా మిగలనివి. నిన్న పొద్దున ఒకటి నా నెత్తిమీదుగా ఎగిరింది. రెక్క అడుగున బూడిదరంగు. ఊరపావురానికైతే అక్కడ తెల్లగా ఉంటుంది. తొర్రలో రెండు పిల్లలు. తల్లీ తండ్రీ వంతులేసుకుని, గొంతుసంచిలో ఊరే పాలలాంటి ముద్ద తినిపిస్తున్నాయి. ఇంకో రెండు వారాలకు గానీ ఆ పిల్లలు ఎగరలేవు.

ముందే ఎందుకు గుర్తుపట్టలేదంటే, మ్యూజియం సొరుగులో నువ్వు తొర్రపావురమని చీటీ కట్టిన, దూది కూరిన పక్షిని చూసి పోల్చాను. మనకున్న నమూనా అదొక్కటే. చెట్టుమీదివి దానికంటే చిన్నవి, రెక్కమీద రెండు పొట్టి నల్లగీతలు. సరిపోలేదు. ఊరపావురాలేనని రాసేశాను. నిన్న మధ్యాహ్నం మళ్లీ సొరుగు తీశాను. రెక్కలకు చుట్టిన దారం కింద సూది పెట్టి ఈకలు ఎత్తితే, మడతలో తెల్లటి పట్టీ. అది తొర్రపావురమే కాదు, ఇంకో జాతిది, పట్టీపావురం పిల్ల నాన్నా. మెడమీద తెల్లమచ్చ ఇంకా రాని వయసుది.

చెట్ల ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను. "మీ నాన్నగారి చీటీ ఒకటంటుంది, మీరొకటంటారు. ముందు ఇంట్లో తేల్చుకు రండమ్మా" అన్నాడు. పక్కన గుమాస్తా ఫక్కున నవ్వాడు. చీటీ తప్పని నువ్వు రాసిస్తే ఆపుతారట. ముప్పై ఏళ్లు పక్షుల పంతులని పిలిపించుకున్నవాడివి. నీ పేరు పాడుచేసే ధైర్యం నాకు లేదు. ఆ పిల్లల్ని చంపే ధైర్యమూ లేదు. తిండి సయించడం లేదు. నేనే పొరబడ్డానని ఒక్కమాట చెప్పు, నమ్ముతాను.

నీ చిన్నది

శనివారం, మధ్యాహ్నం

చిట్టితల్లీ,

నువ్వు పొరబడలేదు. నేను మోసం చేశాను.

ఆ తెలుపు నా కంటబడి పద్దెనిమిదేళ్లయింది. చీటీ కట్టిన రోజు నిజంగా పొరపాటే. నాలుగు నెలల తర్వాత, పురుగు పట్టిందేమోనని విప్పి చూస్తే తెలిసింది. అప్పటికే ఆ పక్షి పుణ్యమా అని పేపర్లో నా ఫొటో పడింది, నన్ను మ్యూజియంలో పక్షుల గదికి పెద్దను చేశారు. మీ అమ్మ మురిసిపోయింది. దారం మళ్లీ కట్టేశాను, ఈసారి ఇంకాస్త బిగించి. ఒక్క పక్షే కదా, ఎవరికి నష్టమనుకున్నాను. దాన్ని నమ్మి ఎవరో అసలుదాన్ని కాదంటారని, ఆ ఎవరో నువ్వే అవుతావని ఊహించలేదు.

దీంతోపాటు రెండు కాగితాలున్నాయి. ఒకటి చెట్ల ఆఫీసరుకు, ఒకటి మ్యూజియానికి. పొరపాటని రాయలేదు, దాచానని రాశాను. ఆఫీసు ఐదింటిదాకా ఉంటుంది. నువ్వు భోజనానికి కూర్చునేలోపు నా మనసు మారుతుందేమోనని భయంగా ఉంది, ముందు ఇవి పట్టుకుపో. ఎవరేమన్నా నన్ను వెనకేసుకు రాకు.

తిరిగొచ్చాక నువ్వే ముందు పలకరించు. ఏదో ఒకటి, తిట్టయినా సరే. మొదలుపెట్టడం నాకు చేతకావడం లేదు.

నాన్న